కొనుక్కునే ఇంటర్న్‌షిప్‌లతో సైబర్ సెక్యూరిటీ రాదు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను హైదరాబాద్ శివార్లలోని ఓ ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ సైబర్ సెక్యూరిటీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దగ్గర పడిందంటే చాలు, పక్కింటి ఆంటీ దగ్గర్నుంచి ఊళ్లో ఉన్న మేనమామ వరకు ఎవరో ఒకరు ఫోన్ చేసి "అమ్మా, ఆ సైబర్ బ్రాంచి తీసుకుంటే ఉద్యోగం గ్యారంటీయేనా?" అని అడుగుతూనే ఉంటారు. బ్రాంచి పేరు చూసి ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఏదీ లేదని చెప్తే వాళ్లకు నచ్చదు. క్లాసులో చెప్పే నాలుగు సబ్జెక్టులు బాగా పట్టుబడి, ఒక్క ఇంటర్న్‌షిప్ అయినా నిజంగా పని చేసి ఉంటే దారి దొరుకుతుంది. కానీ ఆ ఇంటర్న్‌షిప్ అనేదే ఇప్పుడు బజారు సరుకు అయిపోయింది. అందుకే మీ పత్రికకు ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

మూడో ఏడాదికి వచ్చేసరికి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ పెట్టాలని కాలేజీలో చెప్తారు. చెప్పిన వారం తిరక్కుండానే క్లాస్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు మొదలవుతాయి: నాలుగు వారాల సైబర్ సెక్యూరిటీ ఇంటర్న్‌షిప్, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఇంటర్వ్యూ లేదు, ఆఫర్ లెటర్ వెంటనే, సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ కూడా ఉంటుంది. ముందు వెయ్యో రెండు వేలో ఫోన్‌పే చేయాలి. డబ్బులు కట్టాక ఓ టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు, అందులో కొన్ని యూట్యూబ్ లింకులు, ఒక పీడీఎఫ్, మూడు టాస్కులు ఉంటాయి. ఆ టాస్కులు దాదాపు అన్ని చోట్లా ఒకటే. పాస్‌వర్డ్ గట్టిదా కాదా చెప్పే పైథాన్ ప్రోగ్రాం రాయాలి, అక్షరాలను మూడు స్థానాలు జరిపే సీజర్ సైఫర్ చేయాలి, ఇంకా ఒక కీలాగర్ తయారు చేయాలి. కోడ్‌ను అందరూ పంచుకునే గిట్‌హబ్ సైటులో దాన్ని ముందే ఎవరో పెట్టి ఉంటారు. దాన్ని దించుకుని, స్క్రీన్‌షాట్ తీసి, ఆ కంపెనీని ట్యాగ్ చేస్తూ లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెడితే సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చేస్తుంది. ఈ నాలుగు వారాల్లో ఒక్క మనిషి కూడా మనతో మాట్లాడరు. ఎదుటివాళ్లు కీబోర్డు మీద ఏం కొడుతున్నారో దొంగచాటుగా రికార్డు చేసేదే కీలాగర్. అలాంటిదాన్ని ఇరవై ఏళ్ల పిల్లల చేతికి ఇచ్చి, దీన్ని వేరేవాళ్ల కంప్యూటర్లో పెడితే జైలుకు వెళ్తారన్న ఒక్క మాట చెప్పకపోవడం నాకు చాలా భయంగా అనిపిస్తుంది.

మా క్లాసులో ఎంతోమంది ఇలాంటివి కొన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. సెమిస్టర్ పరీక్షలు ఒకవైపు, సర్టిఫికెట్ పెట్టాల్సిన తేదీ ఇంకోవైపు, తెలిసినవాళ్లు ఎవరూ కంపెనీల్లో లేరు, మొదటి తరం చదువుకుంటున్న ఇంటి పిల్లలు మా దగ్గర సగానికి పైనే ఉంటారు, వాళ్లు ఎవరిని అడగాలి? కాలేజీ ఆ కాగితం తీసుకుని ఫైల్లో పెట్టుకుంటుంది, ఏం చేశావమ్మా అని అడిగేవాళ్లు ఉండరు, మార్కులు పడిపోతాయి. తర్వాత ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో "ఇంటర్న్‌షిప్‌లో ఏం చూశారు, ఒక అలర్ట్ వస్తే ముందు ఏం చేస్తారు" అని అడిగినప్పుడు మాత్రం నోట మాట రాదు.

నిజానికి సిలబస్‌ను అందరూ తిట్టుకున్నంత చెడ్డగా ఏమీ లేదు. కంప్యూటర్ నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, క్రిప్టోగ్రఫీ అన్నీ ఉన్నాయి. మా వాళ్లు వీటిని పాత సబ్జెక్టులని పక్కన పెట్టేసి, హ్యాకింగ్ టూల్స్ ఉండే కాలీ లైనక్స్ ఇన్‌స్టాల్ చేసుకుని హ్యాకింగ్ వీడియోల మీద పడతారు. నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నాను, ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకు నెట్‌వర్క్స్‌ని మించిన సబ్జెక్టు లేదు. రెండో ఏడాదిలో మా నెట్‌వర్క్స్ సార్ ల్యాబ్‌లో ప్రాక్టీస్ కోసం ఒక చిన్న లాగిన్ పేజీ పెట్టారు, దానికి హెచ్‌టీటీపీఎస్ లేదు, ఉత్త హెచ్‌టీటీపీ, అంటే మనం కొట్టింది రహస్య రూపంలోకి మారకుండా అలాగే వెళ్తుంది. మమ్మల్ని ఏదో ఒక పేరూ పాస్‌వర్డూ కొట్టమని, నెట్‌వర్క్‌లో పోయే డేటాను చూపించే వైర్‌షార్క్ తెరిచి, ఆ పేజీ పంపిన పోస్ట్ రిక్వెస్ట్ మీద క్లిక్ చేయమన్నారు. మేము కొట్టిన పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా తెర మీద కనపడింది. తర్వాత అదే పేజీకి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ పెట్టి మళ్లీ చేయించారు, ఈసారి అంతా అర్థం కాని గజిబిజి. క్రిప్టోగ్రఫీ పుస్తకంలో పేజీల కొద్దీ ఉన్న విషయం ఆ ఒక్క ల్యాబ్‌లో బుర్రకెక్కింది. ఆ సార్ కాలేజీ మారిపోయారు, తర్వాతి బ్యాచ్‌కి అదే ఎక్స్‌పరిమెంట్ రికార్డులో రాసుకోవడంతో అయిపోయింది. ఉన్న లెక్చరర్లను ఏమీ అనలేం, మామూలు సీఎస్ఈ చదివి వచ్చి, ఈ కొత్త సబ్జెక్టులు రాత్రిళ్లు తామే నేర్చుకుని పొద్దున మాకు చెప్తున్నవాళ్లు వాళ్లు. వాళ్లకు ట్రైనింగ్ ఇప్పించాల్సింది మేనేజ్‌మెంట్లు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఎవరో చెప్పారని అప్పు చేసి ఖరీదైన సర్టిఫికేషన్ కట్టించకండి, కనీసం మొదటి రెండేళ్లు అసలే వద్దు. అమీర్‌పేటలో బాగా చెప్పేవాళ్లు ఉన్నారు, కాదనను, కానీ పునాది లేకుండా అక్కడికి వెళ్తే డబ్బులు పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఉచితంగా దొరికేవే బోలెడు. పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ పూర్తిగా ఉచితం, వెబ్‌సైట్లలో లోపాలు ఎలా ఉంటాయో వాళ్ల ల్యాబుల్లోనే చేసి చూసుకోవచ్చు. లైనక్స్ కమాండ్లు చేతికి అలవాటు కావాలంటే ఓవర్‌ద‌వైర్ వాళ్ల బాండిట్ ఆట ఉంది, ఒక్కో మెట్టులో దొరికే పాస్‌వర్డ్‌తోనే తర్వాతి మెట్టుకు వెళ్లాలి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పికోసీటీఎఫ్ అనే హ్యాకింగ్ పజిళ్ల పోటీ కూడా ఉచితమే. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఊరికే వినవచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు. ఓఎస్‌సీపీ లాంటి పెద్ద పరీక్షలు ఉన్నాయి, దాదాపు ఒక రోజంతా కూర్చుని ఇచ్చిన మెషీన్లలోకి నిజంగా చొరబడి, మర్నాడు రిపోర్టు రాసి పంపాలి. వాటికి విలువ ఉంది, ఉద్యోగంలో చేరాక సొంత జీతంతో రాసుకోవచ్చు.

ఇక అసలు ఇంటర్న్‌షిప్ అంటే ఎలా ఉంటుందో చెప్తాను. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో మా సీనియర్ అక్క పని చేస్తోంది, ఆమె చెప్తే ఇంటర్వ్యూకి వెళ్లి వేసవిలో అక్కడ చేరాను. వేరే కంపెనీల కంప్యూటర్లు, సర్వర్ల నుంచి వచ్చే లాగ్‌లను, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ తనే రాసుకునే చిట్టాలను, రాత్రింబవళ్లు గమనించే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్ అది, అందరూ సాక్ అంటారు. ముందు నెట్‌వర్క్స్ మీదే ప్రశ్నలు అడిగారు, హ్యాకింగ్ మాటే ఎత్తలేదు. చేరాక కూడా కొన్నాళ్లు ఏదీ ముట్టుకోనివ్వలేదు, పక్కన కూర్చుని చూడటమే పని.

ఒకరోజు ఒక అలర్ట్ వచ్చింది. ఒకే ఉద్యోగి అకౌంట్ మీద 4625 అనే ఈవెంట్లు వరసగా పడుతున్నాయి. విండోస్‌లో 4625 అంటే లాగిన్ విఫలమైందని, 4624 అంటే లోపలికి వెళ్లారని. వరసగా 4625లు పడి, చివర ఒక 4624 కనపడితే పాస్‌వర్డ్ ఊహించి ఎవరో లోపలికి దూరారేమోనని గుండె దడదడలాడుతుంది. నాకు నేర్పిస్తున్న సార్ వెంటనే ఏమీ తేల్చలేదు, లాగిన్ ఏ దారిన వస్తోందో చెప్పే అంకె, లాగిన్ టైప్, ఎంతుందో చూడమన్నారు. 3 ఉంది, అంటే నెట్‌వర్క్ మీదుగా వస్తున్నది. రిమోట్ డెస్క్‌టాప్ అయితే 10 ఉండేది. ఏ కంప్యూటర్ నుంచి వస్తోందో చూడమన్నారు, ఆ ఉద్యోగి సొంత ల్యాప్‌టాప్ నుంచే. "పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చుకున్నాడో చూశావామ్మా?" అని అడిగారు. ఆ పొద్దునే మార్చుకున్నాడు. షేర్డ్ ఫోల్డర్ కోసం ల్యాప్‌టాప్ పాత పాస్‌వర్డ్‌ని దాచిపెట్టుకుని దానితోనే మళ్లీ మళ్లీ తలుపు కొడుతోంది, అతను కొత్తది కొట్టాక 4624 పడింది. అయినా సార్ అంతటితో వదల్లేదు, ఆ ఉద్యోగికి ఫోన్ చేయించి, అతను అవునన్నాకే ఆ అలర్ట్ మీద తెరిచిన టికెట్ అనే నమోదును మూయనిచ్చారు. ఎందుకు మూస్తున్నామో నాలుగు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో నాతోనే రాయించారు, ఆ నాలుగు వాక్యాలను కూడా తిప్పి తిప్పి దిద్దించారు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఏ అకౌంట్, ఏ ఆధారంతో అన్నవి లేకపోతే అది రిపోర్టే కాదంటారు ఆయన. టెలిగ్రామ్ గ్రూపులో ఇది ఎవరు నేర్పిస్తారు చెప్పండి?

ఇలా చూడగలిగినవాళ్ల అవసరం దేశానికి ఇప్పుడు నిజంగా ఉంది. సైబర్ దాడులను చూసుకునే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడి లాంటి సంఘటనను గమనించిన 6 గంటల్లోపు సంస్థలు వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. దాచిన లాగ్‌లను చదివే మనిషి లేకపోతే అవి ఉండి లాభమేంటి, 6 గంటల్లో ఏం జరిగిందో ఎవరు చెప్తారు? మన హైదరాబాద్‌లోనే 2022 జనవరిలో మహేష్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ మెయిళ్లతో, అంటే నమ్మించి మోసం చేసే మెయిళ్లతో, ఆ దాడి మొదలైందని, అక్కడ రక్షణ ఏర్పాట్లు సరిగా లేవని పోలీసులే చెప్పారు, తర్వాత రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు జరిమానా కూడా వేసింది. ఆ సంవత్సరమే నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ పడి రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. పెద్ద ఐటీ కంపెనీలు తమ జాగ్రత్తలు తాము చూసుకుంటాయి. సహకార బ్యాంకులు, ఆసుపత్రులు, మునిసిపాలిటీలు, మాలాంటి కాలేజీలు, వీటికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? నేర్చుకుంటామని మేము ఇన్ని వేలమందిమి ఉన్నాం, మాకు చూడ్డానికి ఒక నిజమైన లాగ్ దొరకదు.

నేను అడిగేదల్లా ఒకటే. కాలేజీ నెట్‌వర్క్‌నే మాకు పాఠంగా చేయండి. ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో వందల కంప్యూటర్లు ఉంటాయి, వైఫై ఉంటుంది, ఫీజులు కట్టే సైటు, అటెండెన్స్ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. వాజూ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్ల లాగ్‌లను ఒకచోటికి తెచ్చి చూడటానికి కాస్త మంచి మెషీన్ ఒకటి ఉంటే మొదలుపెట్టవచ్చు. మూడో ఏడాది పిల్లలను ఇద్దరిద్దరిని వంతులవారీగా కూర్చోబెట్టి, సిస్టమ్ అడ్మిన్ గారి పర్యవేక్షణలో, చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చి, వారానికో రిపోర్టు రాయించండి. మార్కుల సర్వర్, ఫీజుల డేటాబేస్ మా చేతికి ఇవ్వమని అడగట్లేదు, అవి ఇవ్వకూడదు కూడా, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి మాకు క్లాసులో చెప్పారు. ల్యాబ్ కంప్యూటర్ల లాగ్‌లు చాలు. మా కాలేజీలో ఈ మాట అడిగితే సర్వర్ రూం వైపు విద్యార్థులు రావద్దన్న సమాధానమే వచ్చింది. అడిగింది గది తాళం కాదు సార్, ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక కాగితం, వారానికి రెండు గంటలు.

ఆ సంతకం ఉన్న కాగితం అనేది చాలా ముఖ్యం. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా బయటికి పోయిన కేసులో అరెస్టయిన నిందితుడు 20 ఏళ్ల విద్యార్థి. ఆ వార్త చదివినప్పుడు మా క్లాసులో కొందరు అతని తెలివి గురించి గొప్పగా మాట్లాడుకున్నారు, నాకైతే బాధ వేసింది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంచి ఉద్దేశంతోనే చేశాం అంటే కాపాడతామని మన చట్టంలో స్పష్టంగా ఎక్కడా రాసి లేదు. ఏదైనా సైటులో లోపం కంటపడితే సెర్ట్-ఇన్‌కి పద్ధతిగా తెలియజేసే ఏర్పాటు ఉంది, కానీ లోపం వెతుక్కుంటూ ఊళ్లో సైట్లన్నీ తడమడం వేరు. ఇది మొదటి సంవత్సరం మొదటి వారంలోనే చెప్పాల్సిన విషయం. మాకు మూడో ఏడాదిలో ఒక యూనిట్‌లో చివరి టాపిక్‌గా వచ్చింది, అప్పటికే కొందరు కాలేజీ సైటు మీదే ప్రయోగాలు చేసి చూశారు.

అమ్మాయిల సంగతి కూడా కొంచెం రాయాలి. సాక్ అంటే 24 గంటల పని, కొత్తగా చేరినవాళ్లకు నైట్ షిఫ్టులు తప్పవు. ఇంట్లో అమ్మానాన్నల టెన్షన్ నాకు అర్థమవుతుంది. నేను వెళ్లిన చోట పగటి షిఫ్టే ఇచ్చారు, రాత్రి పనిచేసే అక్కలకు ఇంటి దాకా క్యాబ్, తోడు సెక్యూరిటీ ఉండేవి. ఇంటర్న్‌లను తీసుకునే ప్రతి కంపెనీ ఈ వివరాలు ముందే రాతపూర్వకంగా చెప్తే సగం మంది తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. చేతనైన అమ్మాయిలు ఈ ఒక్క కారణంతో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలకు మళ్లిపోవడం నేను చూస్తున్నాను.

హైదరాబాద్‌కి ఉన్నన్ని అవకాశాలు వేరే ఊళ్లకు లేవు. బ్యాంకుల సాంకేతికత కోసమే రిజర్వ్ బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది, రాష్ట్ర పోలీసులకు సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది, గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా ఎన్ని కంపెనీలు ఉన్నాయో లెక్కే లేదు. పేరున్న కాలేజీ పిల్లలు ఎలాగోలా వాటి గడప తొక్కుతారు. ఘట్‌కేసర్‌లోనో ఇబ్రహీంపట్నంలోనో కాలేజీ బస్సు దిగి చదువుకునే పిల్లలకు అక్కడ ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఈ సంస్థలు ప్రతి ఏడాది కొన్ని ఇంటర్న్‌షిప్ సీట్లు ఒక చిన్న పరీక్ష పెట్టి అన్ని కాలేజీల వాళ్లకూ ఇవ్వాలని, ఆ పరీక్షలో నెట్‌వర్క్స్, లైనక్స్ అడగాలని నా విన్నపం. స్టైపెండ్ బస్ పాస్ ఖర్చు, మధ్యాహ్నం భోజనం అంత వచ్చినా సంతోషంగా చేస్తాం.

జేఎన్‌టీయూ అధికారులు కూడా ఇది చదువుతారని ఆశపడుతున్నాను. విద్యార్థి దగ్గర డబ్బులు తీసుకున్న ఇంటర్న్‌షిప్‌ను లెక్కలోకి తీసుకోవద్దని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. సర్టిఫికెట్ మీద నేర్పించిన మనిషి పేరు, ఆఫీసు మెయిల్ ఉండాలని, విద్యార్థి వారం వారం ఏం చేశాడో సొంత మాటల్లో రాసిన లాగ్‌బుక్ ఉండాలని, వైవాలో ఆ లాగ్‌బుక్ తెరిచి అడగాలని పెట్టండి. నిజమైన ఇంటర్న్‌షిప్ దొరకని పిల్లలకు కాలేజీ ల్యాబ్‌లో చేసిన పనినే దానికి సమానంగా మార్కులు వేయండి, అప్పుడు కొనాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

చివరగా మీకు ఒక విన్నపం. సర్టిఫికెట్లు అమ్ముతున్న ఈ వ్యాపారం మీద మీ విలేకరి ఎవరినైనా పంపి వార్త రాయించండి. డబ్బులు కట్టిన రసీదులు, ఆఫర్ లెటర్లు, ఆ మూడు టాస్కుల పీడీఎఫ్‌లు మా క్లాస్‌మేట్స్ దగ్గర ఉన్నాయి. పేర్లు బయటపెట్టబోమని మాటిస్తే అవన్నీ చూపించడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. వచ్చే నెలలో మా జూనియర్లు సర్టిఫికెట్ పెట్టాల్సిన తేదీ ఉంది, అంతకు ముందే ఆ వార్త వస్తే బాగుంటుంది.

ఇట్లు,
బీటెక్ సైబర్ సెక్యూరిటీ విద్యార్థిని,
ఉప్పల్, హైదరాబాద్